దోషం పట్టిన ఇల్లు

సిరిసిల్లలో నాకు టెంట్‌హౌస్ ఉంది. పెళ్ళికి షామియానా కావాలన్నా చావుకు కావాలన్నా మా వాడలో నా దగ్గరికే వస్తారు. నా పేరు రాజేశం. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, అమృత కథ చెప్పేవాడు ఆ కథలో ఎక్కడ నిలబడి ఉన్నాడో వినేవాళ్ళకు తెలియాలి. నేను షామియానా గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాను. అదేమంత గొప్ప చోటు కాదు.

అమృతకు ఇరవై ఏళ్ళు. సాంచాల కార్ఖానాలో కండెలు చుడుతుంది. సాంచా అంటే మరమగ్గం, దానికి కావలసిన నూలును చిన్న గొట్టాలకు ఎక్కించే పని అది. పొద్దంతా నిలబడే చెయ్యాలి. తండ్రి భివండికి పనికిపోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. తల్లి భాగ్య బీడీలు చుట్టేది. చెల్లెలు అక్షర పన్నెండేళ్ళది, కోరుట్లలో హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. అర్జున్ రావు దొర ఇంటి వెనకనున్న ఒక్క గదిలో, మా మాటలో అర్రలో, ఈ కుటుంబం తొమ్మిదేళ్ళు కిరాయికుంది. దొర అని మేం అలవాటు కొద్దీ అంటాం. వాళ్ళ తాతల కాలంలో ఎల్లారెడ్డిపేట వైపు నాలుగూళ్ళు వాళ్ళ మాట మీద నడిచేవట. ఇప్పుడు ఆయన మాట మీద నడిచేది ఆ ఇంటి గేటొక్కటే. దాన్నే ఆయన బాగా నడుపుతాడు.

మా దగ్గర కిరాయి ఇంట్లో ఏమైనా చేసుకోవచ్చు. పండగ చేసుకోవచ్చు, పెళ్ళిచూపులు పెట్టుకోవచ్చు, మొగుడూ పెళ్ళాం ఇల్లెగిరిపోయేలా కొట్లాడుకోవచ్చు. చావడానికి మాత్రం వీల్లేదు. కిరాయిదారు ప్రాణం గడప బయటే పోవాలి. శవం లోపలికి రాకూడదు, పదకొండు రోజులూ ఆ కుటుంబం ఆ గడప తొక్కకూడదు. ఓనరుకు అరిష్టమట. అదే ఓనరు తల్లి అదే ఇంట్లో పోతే అరిష్టం కాదు, పుణ్యాత్మురాలు సొంతింట్లో కన్నుమూసిందని పొగుడుతారు. అరిష్టానికి కూడా ఇంటి కాగితాలు ఎవరి పేర ఉన్నాయో తెలుసన్నమాట.

మొన్న డిసెంబర్‌లో భాగ్యకు ఊపిరితిత్తులు పూర్తిగా చెడిపోయాయి. ఏళ్ళ తరబడి మింగిన తంబాకు దుమ్ము. కరీంనగర్‌లో ఆసుపత్రి వాళ్ళు రెండు వారాలు చూసి, ఇక మేం చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపోండి అన్నారు. ఇంటికి! వాళ్ళ చదువులో కిరాయి ఇళ్ళ పాఠం లేనట్టుంది. అమృత తల్లిని అంబులెన్సులో వేసుకుని మధ్యాహ్నం మూడింటికి వాడలోకి వచ్చేసరికి దొర గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"లోపలికద్దమ్మా. నాకేం పట్టింపు లేదు. మీ కమలమ్మ ఒప్పుకుంటలేదు" అన్నాడు.

పైన బాల్కనీలోంచి ఆయన భార్య కమలమ్మ వంగి చూసి, "నాదేమున్నది తల్లీ, సారే వద్దంటుండు" అంది.

"సార్, అమ్మ బతికే ఉన్నది. ఊపిరాడుతుంది, అచ్చి చూడుండ్రి" అంది అమృత.

"ఇప్పుడు ఆడుతుంది. మరి జరసేపటికి?"

అమృత మళ్ళీ అంబులెన్సు ఎక్కి తల్లి మీది దుప్పటి సరిచేసింది. నా దుకాణం ఆ ఇంటికి రోడ్డవతలే, కానీ నేనప్పుడు గోదాములో ఉన్నాను, దొర ఫోన్ చేశాడు. రాజేశం, ఒక టెంటు కావాలె, పక్కనున్న ఖాళీ జాగల వెయ్యి అన్నాడు. ఎవరు పోయిండ్రు దొరా అని అడిగాను. ఇంకా పోలేదు, నువ్వు అచ్చేవరకు పోవచ్చు అన్నాడు.

సిగ్గున్నవాడైతే ఫోన్ పెట్టేసి ఉండేవాడు. నేను ట్రాలీ ఆటో తీసుకుని పోయాను. ఆ రోజు తెల్ల షామియానాలన్నీ బయటికి పోయి ఉన్నాయి. మిగిలింది పెళ్ళిళ్ళకు వేసే గులాబి రంగుది, చుట్టూ జరీ కుచ్చులు వేలాడేది. అదే కట్టాను. బతికున్న మనిషికి చావు టెంటు కట్టడం నా ముప్పై ఏళ్ళ పనిలో అదే మొదలు. భాగ్యను చాప మీద పడుకోబెట్టాక ఆమె కళ్ళు తెరిచి పైన ఆ కుచ్చుల వంక చాలాసేపు చూసింది.

"ఎవరి పెండ్లి బిడ్డా?" అని అడిగింది.

"మనోళ్ళదేనమ్మా" అంది అమృత.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి భాగ్య పోయింది. పదిహేడు గంటలు ఆ ఖాళీ జాగాలో చలికి వణికి పోయింది. ఇరవై అడుగుల దూరంలో తొమ్మిదేళ్ళు ఊడ్చి అలికి ఉన్న అర్ర తాళంతో ఉంది. చుట్టాలు వచ్చి ఏడ్చారు, వాడవాళ్ళు వచ్చి ఏడ్చారు, కమలమ్మ కూడా గేటు లోపల నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది. గేటు మాత్రం తెరవలేదు. అక్షరను కోరుట్ల నుంచి తీసుకొచ్చారు. ఆ పిల్ల ఏడవలేదు. టెంటులో మోకాళ్ళు ముడుచుకు కూర్చుని పక్కనే ఉన్న తమ అర్ర తలుపు వైపే చూస్తూ నాలుగు రోజులు గడిపి, పరీక్షలున్నాయంటే మళ్ళీ హాస్టల్‌కు పోయింది.

పదకొండు రోజులు అయ్యాయి. పన్నెండో రోజు అమృత తలస్నానం చేసి తాళంచెవి తీసుకుని అర్ర దగ్గరికి పోయింది. సామాను మెట్ల మీద ఉంది. స్టవ్వు, రెండు బిందెలు, బట్టల మూట, తల్లి బీడీలు చుట్టే చేట. తాళం కొత్తది. ఆడపిల్లవు ఒక్కదానివే ఉంటే మాకు బాధ్యత గదమ్మా, ఎట్ల ఉంచుకుంటం అన్నాడు దొర. తొమ్మిదేళ్ళు ఆ పిల్ల పెరగడం చూసిన మనిషి. వారం తిరక్కుండా ఆ అర్రను చదువుకునే ఇద్దరు మగపిల్లలకు ఇచ్చాడు. వాళ్ళు ఆయనకు బాధ్యత కాదు కాబోలు.

సామాను నా గోదాములో పెట్టించాను. సామానుకు చోటిచ్చాను, మనిషికి ఇవ్వలేదు. నా ఇంటి పైన ఒక అర్ర ఖాళీగా ఉంది. ఈ సంగతి ఇప్పుడే చెప్పేస్తే మంచిది, తర్వాత చెబితే దాచినట్టు ఉంటుంది.

అమృత ఇల్లు వెతకడం మొదలుపెట్టింది. అప్పుడు తెలిసింది మా సిరిసిల్ల ఓనర్లు ఎంత తెలివైనవాళ్ళో. ఒకామె నా ముందే ఆ పిల్లను గడప బయట నిలబెట్టి అడిగింది.

"మీ ఇంట్ల ముసలోళ్ళున్నరా?"

"లేరమ్మా."

"రోగమున్నోళ్ళు?"

"లేరు."

"మంచిది. మరి మొగోళ్ళు?"

"లేరు. నేను, మా చెల్లె."

"అట్లెట్ల ఇస్తం పిల్లా? మొగదిక్కు ఉండాలె గద."

అంటే ఏమిటన్నమాట? ఇంట్లో మగవాడు ఉండాలి, వాడు ముసలివాడు కాకూడదు, వాడికి రోగం రాకూడదు, అన్నింటికీ మించి వాడు చావకూడదు. చావని మగవాడు ఒకడు దొరికితే వాడి చెయ్యి పట్టుకుని పోతే మా ఊళ్ళో అర్ర దొరుకుతుంది. అమృత ఇలా పదిహేను ఇళ్ళు తిరిగింది. మీ అమ్మ ఎక్కడ పోయింది అని అడిగితే టెంటులో అని చెప్పేది. అబద్ధం చెప్పడం చేతకాదు. ఆ మాట వినగానే వాళ్ళ మొహాలు కొంచెం వికసించేవి, మన ఓనరు పద్ధతైనవాడే అన్నట్టు. అయినా అర్ర మాత్రం లేదనేవారు.

చుట్టాలు లేరా అంటే ఉన్నారు. మల్యాలలో మేనమామ ఉన్నాడు. మా ఇల్లు నీ ఇల్లే బిడ్డా అని టెంటులో అందరి ముందూ అన్నాడు. ఆ మాట నమ్మి పోతే మూడో రోజు పొద్దున చాయ్ ఇస్తూ, సిరిసిల్ల బస్సు తొమ్మిదింటికున్నది బిడ్డా, మళ్ళీ పన్నెండు దాకా లేదు అన్నాడట. అంత ప్రేమగా బస్సుల వేళలు చెప్పే మేనమామ ఎంతమందికి ఉంటాడు?

నిజంగా చోటిచ్చింది జబీన్ వాళ్ళ అమ్మ జోహరా బీ. జబీన్ అమృతతో పాటు కండెలు చుడుతుంది. వాళ్ళదీ కిరాయి ఇల్లే, ఒక్క అర్రలో ఆరుగురు. జోహరా బీ తన పక్క జరిపి, ఇక్కడ పండుకో బేటీ అంది. మూడు వారాలు గడిచాక వాళ్ళ ఓనరు తలలు లెక్కపెట్టాడు. ఆరుగురికిచ్చిన, ఈ ఏడో మనిషి ఎవరు అన్నాడు. ఆ ముసలామెతో వాడు గొడవపడుతుంటే వినలేక అమృతే బట్టల సంచి పట్టుకుని బయటికొచ్చింది. ఆ తర్వాత కార్ఖానాలోనే గుడ్డ తానుల వెనక పడుకునేది. సేటు చూసీ చూడనట్టు ఉన్నాడు. పొద్దున ఆరింటికే సాంచాలు మొదలవుతాయి కదా, నిద్ర లేపే ఖర్చు లేని పనిమనిషి దొరికిందనుకున్నాడేమో.

ఆదివారాలు మాత్రం మా దుకాణానికి వచ్చేది. హాస్టల్ పిల్లలకు ఆ రోజే ఫోన్ ఇస్తారు. కార్ఖానా చప్పుడులో మాట వినబడదు. నా కుర్చీల వరస పక్కన కూర్చుని చెల్లెలితో మాట్లాడేది. అబద్ధం చేతకాదన్నానే, ఇక్కడ నేర్చుకుంది.

"అర్ర ఊడ్చిన అక్షరా. ఇప్పుడే అన్నం వండిన. నీ పుస్తకాలా? ఖిడ్కీల్నే ఉన్నయి, నేను ముట్టలేదు. దొరసాని మంచిగనే ఉన్నది, నిన్ను అడుగుతుంది."

పుస్తకాలు నా గోదాములో వంట గిన్నెల కింద ఉన్నాయి. నేను పద్దు పుస్తకం చూస్తున్నట్టు తల వంచుకుని ఇదంతా వినేవాణ్ణి.

ఏప్రిల్ వచ్చింది. ఇరవై మూడో తారీకున హాస్టల్‌కు ఎండాకాలం సెలవులు. తాళం వేస్తారు. పెద్దవాళ్ళు వచ్చి పిల్లలను ఇంటికి తీసుకుపోవాలి. ఇంటికి అనే మాటను అందరూ ఎంత సులువుగా వాడతారో చూడండి. మొదట డాక్టర్లు, ఇప్పుడు వార్డెన్. అమృత ఆమెను బతిమాలింది, మా చెల్లెను ఇక్కడే ఉండనివ్వండి మేడమ్ అని. ఒక్క పిల్ల కోసం హాస్టల్ తెరిచి ఉంచరు కదమ్మా అంది ఆవిడ. అదీ న్యాయమే. ఎవరిని అడిగినా వాళ్ళ మాట వాళ్ళకు న్యాయంగానే ఉంటుంది. పన్నెండేళ్ళ పిల్లను మగ్గాల మధ్య పడుకోబెట్టలేదు. ఇరవై మూడు లోపల ఒక గడప దొరకాలి. అప్పుడు నా దగ్గరికొచ్చింది.

"కాకా, మీ పైనర్ర ఖాళీనే ఉన్నది గదా. రెండు నెలలే. సెలవులయిపోతే పోతం."

"అది మా బిడ్డ కాన్పుకు అస్తే కావాలె గద బిడ్డా" అన్నాను.

మా బిడ్డది జగిత్యాల. ఆమెకిద్దరు పిల్లలు, చిన్నవాడు బడికి పోతున్నాడు. ఆపరేషన్ కూడా అయిపోయింది. అమృతకు ఈ సంగతి తెలుసు. ఆ చిన్నవాడి పుట్టువెంట్రుకలప్పుడు భోజనాలు వడ్డించింది కూడా. సరే కాకా అని పోయింది. మా ఇంటామె ఒప్పుకోదనే మాట కూడా నా నాలుక మీద రెడీగా ఉండింది, దాని అవసరం రాలేదు. ఇప్పటిదాకా అర్జున్ రావును ఇంత వెటకారం చేస్తున్నానంటే, నేనేదో వేరే జాతివాణ్ణని కాదు. ఆయన్ను చూస్తే నాకు అద్దం చూసుకున్నట్టు ఉంటుంది, అందుకే అంత మంట.

ఆ తర్వాత నాలుగు రోజులకు దొర తల్లి పోయింది. తొంభై ఏళ్ళ మనిషి, పొద్దున చాయ్ తాగి గోడకానుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. సొంతింట్లో, తూర్పు అర్రలో. నా తెల్ల షామియానా, రెండు వందల కుర్చీలు, మంచు పెట్టె, అన్నీ సిద్ధం. దొర వచ్చినవాళ్ళందరితో, మా అమ్మ అదృష్టవంతురాలు, గుమ్మం దాటకుండ పోయింది అని చెబుతున్నాడు. అలా చెబుతూ ఉండగానే అయ్యగారు పంచాంగం మూసి దొర చెవిలో ఏదో అన్నాడు. దొర మొహం సున్నం కొట్టినట్టు అయింది.

ధనిష్ఠా నక్షత్రం. మా వైపు ఆ నక్షత్రంలో ఎవరైనా పోతే ఆ ఇల్లు ఆరు నెలలు విడిచిపెట్టాలి. లేకపోతే ఆ ఇంట్లో ఇంకో చావు తప్పదని భయం. శాంతి చేయించినా సరే, ఆర్నెల్లు ఆ ఇంటివాళ్ళు గడప తొక్కకూడదు. దొర, వేరే ఉపాయం లేదా అయ్యగారూ అని అడిగాడు. ఆచారం దొరా, నాదేమున్నది అన్నాడు అయ్యగారు.

మర్నాటి నుంచి దొర కిరాయి ఇంటి కోసం బయల్దేరాడు. ఒక్కడే పోవడానికి మొహం చెల్లక నన్ను తోడు పిలిచాడు. నేను టెంటు పనులన్నీ మానుకుని పోయాను. అంత వేడుక నేను మళ్ళీ చూస్తానా? దొర అడుగుతాడు, ఓనరు సరే అనబోతాడు, ఎందుకు మారుతున్నరు దొరా అంటాడు, అమ్మ పోయింది అంటాడు ఈయన, ఏ నక్షత్రం అంటాడు ఆయన. అంతే, తలుపు మూసుకుంటుంది. మూడో ఇంటాయన మర్యాదస్తుడు. చాయ్ ఇచ్చి మరీ చెప్పాడు, "నాకేం పట్టింపు లేదు దొరా. మా ఇంట్ల ఆడోళ్ళు ఒప్పుకుంటలేరు" అని. ఆ మాటకు నాకొచ్చిన నవ్వును దగ్గుగా మార్చడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

బయటికొచ్చాక అన్నాను, "దొరా, పెద్ద షామియానా ఖాళీగనే ఉన్నది. ఆ జాగల వెయ్యమంటరా?"

ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నా జీవితంలో నేను చేసిన మంచిపని అదొక్కటే అనుకుంటాను అప్పుడప్పుడు.

చివరికి ఎల్లారెడ్డిపేట దగ్గర సొంత పొలంలోనే మోటారు పక్కన రెండు గదులుంటే అక్కడికి పోవడానికి సిద్ధమయ్యారు. చిక్కేమిటంటే ఇక్కడ ఇల్లు ఆర్నెల్లు తాళంతో ఉంటే దొంగలు ఊరుకోరు. వెనక అర్రలోని చదువుకునే పిల్లలు నక్షత్రం పేరు వినగానే పుస్తకాలు కూడా మరచి పారిపోయారు. కాపలాకు మల్లయ్య అనే ముసలాయన్ని అడిగితే, చావు నాకు దగ్గర్లనే ఉన్నది దొరా, ఇంకా దగ్గరికి పోలేను అన్నాడు. ఎవరూ రాలేదు.

ఈ సంగతి వాడంతా తెలిసింది, కార్ఖానాకూ తెలిసింది. మధ్యాహ్నం అన్నం వేళ అమృత చేతులకు నూలు పీచుతోనే వచ్చి గేటు ముందు నిలబడింది. అక్కడ దొర, కమలమ్మ, అయ్యగారు, నేను ఉన్నాం.

"సార్, నేనుంట" అంది.

కమలమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారివి నిజమైన నీళ్ళే, బీరువా గుర్తుకొచ్చి ఉంటుంది. దొర అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు గొంతు సవరించుకుని, దోషం రక్తసంబంధీకులకే, పరాయివాళ్ళకు అంటదు అన్నాడు. చూశారా, చచ్చేటప్పుడు పరాయివాళ్ళ అరిష్టం ఓనరుకు అంటుతుంది, ఓనరు అరిష్టం మాత్రం పరాయివాళ్ళకు అంటదు. ఎటు తిప్పినా ఆ లెక్క ఇంటివాడి వైపే వాలుతుంది.

"మా చెల్లె కూడ ఉంటది. ఇంకొకటి సార్. మాలో ఎవరికి రోగమచ్చినా, ఏమైనా, బయటికి పొమ్మనొద్దు. మాటియ్యుండ్రి" అంది.

"ఛఛ, గదేం మాటమ్మా. నీ ఇల్లే అనుకో" అన్నాడు దొర. తాళంచెవులు ఆమె చేతిలో వెయ్యకుండా గేటు దిమ్మ మీద పెట్టాడు.

ఇరవై మూడున అమృత కోరుట్ల పోయి చెల్లెల్ని తీసుకొచ్చింది. ఆటోలోంచి రేకు పెట్టె దించుకుని అక్షర అలవాటు కొద్దీ వెనక అర్ర వైపు నడవబోతే, ఇటు రా అని ముందు తలుపు తీసింది. ఆ పిల్ల చెప్పులు బయట విడిచి, గోడకు తగలకుండా లోపలికి పోయింది.

ఆ నెల రోజులూ నేను అమృతను రోజూ చూసేవాణ్ణి. అంతకుముందు నాలుగు నెలలూ ఆ పిల్ల మొహంలో ఒక తొందర ఉండేది, ఎక్కడ కూర్చున్నా లేచిపోవడానికే కూర్చున్నట్టు. అది పోయింది. మొదటి రోజే సంతలో చీపురు కొన్నది, ఉప్పు డబ్బా కొన్నది. ఇల్లు లేక తిరిగేవాళ్ళు ఈ రెండూ కొనరు, నేను ఆలోచిస్తే తోచింది. పొద్దున వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టి, అదంతా అయ్యాక ఏ పనీ లేకుండా గడప మీద ఊరికే కూర్చునేది. ఏం బిడ్డా అంటే ఏం లేదు కాకా, కూసున్న అనేది. తలుపు లోపలినుంచి గొళ్ళెం పెట్టుకుని స్నానం చేస్తే ఎంత బాగుంటదో కాకా అని ఒకసారి అంది. దొర ఇన్నేళ్ళు ఆ ఇంట్లో ఉండి ఒక్కనాడైనా గొళ్ళెం గురించి ఆలోచించి ఉంటాడా?

ముసలామె పోయిన తూర్పు అర్రకు దొర తాళం కూడా వెయ్యలేదు, ఎవరు పోతారులే అన్న ధీమాతో. నిజంగానే అక్కాచెల్లెళ్ళు ఆ తలుపు తీయలేదు. పిల్ల భయపడుతుందని అమృత ముసలామె చావు సంగతి చెల్లెలికి చెప్పనేలేదు, అందరూ పొలానికి పోయారనే చెప్పింది. అక్షర హాల్లోని ఊయల ఎక్కేది, నవ్వేది, జబీన్ వస్తే ఆమెతో గవ్వలాడేది. కానీ పెట్టెలోంచి బట్టలు తీసి సర్దుకోలేదు. కావలసిన జత తీసుకుని, ఉతికి, మడిచి మళ్ళీ పెట్టెలోనే పెట్టేది. అల్మారల పెట్టుకోరాదే అని అక్క అంటే ఉండనియ్యి అక్కా అనేది.

దొర శుక్రవారం శుక్రవారం పొలం నుంచి వచ్చి ఇల్లు చూసుకునేవాడు. లోపలికి రాకూడదు కదా, గేటు బయటే నిలబడి మెడ చాపి చూసేవాడు. మే నెల మధ్యలో ఒక శుక్రవారం అలా వచ్చేసరికి అక్షర వరండాలో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. రెండు రోజులుగా జ్వరం. వాడలో డాక్టరు చూసి మామూలుదే అని గోలీలిచ్చాడు.

"ఏమైంది పిల్లకు? డెంగీ గిట్లనా?" అన్నాడు దొర.

"ఉత్త జరమే సార్" అంది అమృత.

"ఉత్తదే అంటరు మొదలు. అసలే ఇంటికి బాగలేదు, ఇంకో చావంటే... నాకేం పట్టింపు లేదమ్మా. తగ్గేదాక పిల్లను వేరే ఎక్కడన్న ఉంచితే మంచిగుంటది. ఆసుపత్రిలనో, మీ మామ దగ్గర్నో."

అమృత మెట్లు దిగి రాలేదు. గడప మీదే నిలబడింది. గొంతు కూడా పెంచలేదు.

"సరే సార్. మీరే లోపలికచ్చి మా చెల్లెను చెయ్యి పట్టి బయట పెట్టుండ్రి. నేనడ్డం రాను."

నేను రోడ్డవతల నా దుకాణం ముందు ఉన్నాను. దొర చెయ్యి గేటు గొళ్ళెం మీద పడింది. కుడికాలు లేచింది. అలా లేచిన కాలు ఒక్క క్షణం ఆగి, లేచినచోటే దిగింది. ఆర్నెల్లలో ఇంకా అయిదు నెలలు మిగిలే ఉన్నాయి. ఆయన వెనక్కి తిరిగి కారెక్కి పోయాడు. తన ఆచారమే తన కాలికి అడ్డం పడడం చూసి నాకు కడుపు నిండిపోయింది. ఆ సాయంత్రం దుకాణానికి వచ్చిన అయిదుగురికీ ఆ కాలు లేచి దిగడం నేను చేసి చూపించాను. వరండాలో దుప్పటి కింద ఒక పిల్ల ఇదంతా వింటూ పడుకుని ఉందని నాకు తోచలేదు.

మర్నాడు పొద్దున అమృత, గోలీ వేసి గంజి తాగించి, పదింటికల్లా వస్తానని కార్ఖానాకు పోయింది. తొమ్మిదిన్నరకు నేను దుకాణం తెరిచి గుంజలు బయట పెడుతుంటే ఖాళీ జాగాలో ఏదో కనబడింది. ఎవరో చాప పారేశారనుకున్నాను. దగ్గరికి పోతే అక్షర. తల్లిని పడుకోబెట్టిన చోటే, ఎండలో, చాప పరుచుకుని పడుకుని ఉంది. పక్కన రేకు పెట్టె, దాని మీద మడిచిన దుప్పటి, గోలీల పొట్లం, నీళ్ళ సీసా. ఒళ్ళు పెనంలా కాలుతోంది.

"ఇదేంది బిడ్డా? ఎండల ఎందుకు పండుకున్నవ్?"

"నాకు జరం తగ్గలేదు కాకా" అంది. "అక్కకు ఇల్లు పోతది."

ఎత్తుకున్నాను. బరువే లేదు. గేటు దగ్గరికి వచ్చేసరికి రెండు చేతులతో గేటు ఊచలు పట్టేసింది.

"వద్దు కాకా. తగ్గినంక అస్త. తగ్గినంకనే అస్త" అని ఒకటే మాట. ముప్పై ఏళ్ళుగా ఊరందరికీ నీడ కట్టి ఇచ్చినవాణ్ణి. పైనర్ర ఖాళీగా పెట్టుకున్న నోటితో ఏం చెప్పను?

అప్పుడే అమృత వచ్చింది. పెట్టె చూసింది, చాప చూసింది, గేటు ఊచల మీద చెల్లెలి వేళ్ళు చూసింది. ఒక్కొక్క వేలూ విడదీసింది. నా చేతుల్లోంచి చెల్లెల్ని తీసుకుని ముందు తలుపులోంచి నడిచి, హాలు దాటి, ఇన్నాళ్ళూ తీయని తూర్పు అర్ర తలుపు కాలితో నెట్టింది. లోపల ఖాళీ. మంచం లేదు, దుమ్ము మాత్రం ఉంది. నేను పరుగెత్తి చాప తెచ్చి పరిచాను. అమృత చెల్లెల్ని దాని మీద పడుకోబెట్టి పక్కనే కూర్చుంది.

"ఈడ పండుకో. గీ అర్రల్నే ఒకామె సచ్చిపోయింది. గియ్యాల్టికి నెల దాటింది. ఇల్లు ఏడికన్న పోయిందా?"

అక్షర కళ్ళు తిప్పి గోడల వైపు, పైకప్పు వైపు చూసింది.

"ఎవరక్కా ఆమె?"

"ఇల్లున్నామె" అంది అమృత.